డబ్బా మీది పేరు

కిరణ్మయి పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి జీపు సిద్ధంగా ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. భోజనాలవగానే రసజ్ఞను మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్తారని సెంట్రీ చెప్పాడు. అంటే మిగిలింది ఒక పూట. ఆ పూటలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఆ పిల్ల జైలుకు వెళ్తుంది, ఆ తర్వాత బయటికి తేవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకొకరైతే ఆ మాటకి గుండె దడదడలాడేది. కిరణ్మయికి ఏమీ కాలేదు. మొన్న వేసవిలో వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ ఏమీ కావడం లేదు. ఆకలేస్తే తింటోంది, కేసు వస్తే తిరుగుతోంది, రాత్రయితే పడుకుంటోంది. ప్రైవేటు డిటెక్టివ్‌కి ఇది మంచి గుణమేనని ఎవరైనా అనొచ్చు. ఆమెకు మాత్రం తిమ్మిరెక్కిన కాలితో నడుస్తున్నట్టే ఉంది.

కేసు వినడానికి చాలా సులువు. చచ్చిపోయినవాడు ఉదయ్ భాస్కర్, నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. అతనికి పల్లీలు పడవు. పడవంటే తుమ్ములూ దద్దుర్లూ కాదు, గొంతు వాచి ఊపిరి ఆగిపోయే రకం. ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. క్యాంటీన్‌లో ఇడ్లీ తీసుకునే ముందు చట్నీ దేంతో చేశారని అతను రోజూ అడగడం చూసి చాటుగా నవ్వుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొన్న గురువారం పొద్దున అతను తన సీట్లో కూర్చుని ఒక స్టీలు డబ్బా మూత తీశాడు. చాక్లెట్ ముక్కలున్న బిస్కెట్ ఒకటి తిన్నాడు, రెండోది సగం తిన్నాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ బిస్కెట్లలో పల్లీ ముద్ద ఉందని నిన్న ల్యాబువాళ్ళు చెప్పారు. డబ్బా మూత మీద, పాత్రల దుకాణంలో మిషనుతో కొట్టించిన అక్షరాల్లో, 'రసజ్ఞ' అని ఉంది.

రసజ్ఞ అతని టీములోనే పనిచేసిన పిల్ల. నిజాంపేటలో అతని తల్లి బాలాత్రిపురసుందరి ఉంటున్న ఇంటి మీద ఒకే ఒక గది ఉంది, అందులో కిరాయికి ఉంటుంది. ఆ పరిచయంతో ఉద్యోగం ఇప్పించిందీ ఉదయ్ భాస్కరే, కిందటి నెల కంపెనీ తీసేసిన వాళ్ళలో ఆమె పేరు చేర్చిందీ అతనే. ఉద్యోగం పోయాక ఆ అమ్మాయి ఏడుస్తూ కూర్చోలేదు. గదిలోనే చిన్న ఓవెన్ పెట్టుకుని, బాదం బటరు, ఓట్స్, ప్రోటీన్ పౌడరు, డార్క్ చాక్లెట్ కలిపి కుకీలు చేసి, జిమ్ములకు వెళ్ళేవాళ్ళకు అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాళ్ళలో ఉదయ్ భాస్కర్ కూడా ఒకడు. పల్లీ పొడ తగలని కుకీలు దొరికాయని అతనికి సంతోషం, పనిలోంచి తీసేసిన పాపం కాస్త తగ్గుతుందని ఇంకొంచెం సంతోషం. పోలీసులకు ఇంతకంటే ఏం కావాలి? పగ ఉంది, డబ్బా ఉంది, పల్లీ ఉంది. నిన్న సాయంత్రం పరామర్శకని నానక్‌రామ్‌గూడ లోని ఉదయ్ భాస్కర్ ఫ్లాటుకు వెళ్ళిన రసజ్ఞను, శవం లేచిన ఇంట్లోనే, అందరి ముందే అరెస్టు చేశారు. కొడుకు పోయిన తల్లి ఆ పిల్లను నానా శాపనార్థాలూ పెట్టిందట. రసజ్ఞ అన్న శ్యామ్ విజయవాడ నుంచి ఫోన్ చేసి, ఏడుపు మధ్యలో మాటలు వెతుక్కుంటూ కేసు కిరణ్మయికి అప్పగించాడు.

మాట్లాడటానికి ఇచ్చిన గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల. రసజ్ఞ ముఖం కడుక్కోలేదు. ఏడవను కూడా లేదు. అడిగినవాటికి నిద్రలో మాట్లాడేవాళ్ళలా జవాబులు చెప్పింది. గురువారం పొద్దున తాను గది దిగలేదట, ముందురోజు ఆర్డర్లు ఆలస్యమై పడుకునేసరికి పొద్దుపోయిందట. అమ్మే కుకీలు ఎప్పుడూ అట్టపెట్టెల్లోనే పెడుతుంది, స్టీలు డబ్బాల్లో ఎవరికీ పంపదు. పోలీసుల సోదాలో గదిలో పల్లీలు దొరికిన మాట నిజమే, వేరే వాళ్ళు అడిగితే వాటితో కూడా చేస్తుంది. ఉదయ్ గారి కుకీలు చేసే రోజు మాత్రం గిన్నెలన్నీ రెండుసార్లు తోముకుని చేస్తుంది. ఆ డబ్బా తనదే, హాస్టలుకు వచ్చేటప్పుడు వాళ్ళమ్మ పేరు కొట్టించి ఇచ్చింది. ఎవరి దగ్గరుందని అడిగితే, గదిలోనే ఉండాలని, ఎవరికైనా ఏదైనా పెట్టి ఇచ్చి ఉంటే గుర్తు లేదని చెప్పింది.

ఇవన్నీ అబద్ధం చెప్పేవాళ్ళు కూడా చెప్పగలిగినవే. కిరణ్మయి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. ఉదయ్ భాస్కర్ పడిపోయాక అతని బల్లను ఎవరో సహోద్యోగి ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ఇలాంటప్పుడు కూడా ఫోటో తీసే చేతులు ఉంటాయి. ఏం చేస్తాం, అది ఇవాళ పనికొచ్చింది. తెరిచిన డబ్బా, అందులో బిస్కెట్లు, పక్కన రాలిన పొడి. ప్రతి బిస్కెట్ మీదా గుండ్రటి అచ్చు, దాని మధ్యలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. నాలుగు రేకుల పువ్వులా ఉంది. పోలీసులు రసజ్ఞకు డబ్బా మూత చూపించారు గానీ, లోపలున్నవి చూపించాలని వాళ్ళకు తోచలేదు.

రసజ్ఞ ఫోటో వంక చూసింది. చూసి, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసుకుని మళ్ళీ చూసింది. ఫోన్ తిరిగిచ్చేసి మంచినీళ్ళు కావాలంది. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ సక్కుబాయి గ్లాసు తెచ్చిపెట్టింది. ఆ పిల్ల నీళ్ళు తాగలేదు.

"మేడం, నేనే చేశానని ఒప్పుకుంటే ఎన్నేళ్ళు పడుతుంది?"

"చేశావా?"

"ఎన్నేళ్ళో చెప్పండి."

ఇంతసేపూ చేయలేదని చెప్పిన మనిషి ఒక్క ఫోటోతో ఇలా ఎందుకు తిరిగిందో కిరణ్మయి ఎన్ని విధాల అడిగినా జవాబు రాలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"కింద ఆంటీ దగ్గరికి వెళ్ళకండి మేడం. కొడుకు పోయిన మనిషి. ఆవిడని ఏమీ అడక్కండి."

కిరణ్మయి ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఆంటీ పేరెత్తలేదు.

ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి తన గదిలో టీ తాగుతున్నాడు. అతనికీ కిరణ్మయికీ పాత లెక్క ఒకటుంది. రెండేళ్ళ కిందట అతను దొంగతనం కేసులో పట్టుకున్న వాచ్‌మన్‌ను ఆమె నిర్దోషి అని తేల్చి బయటికి తెచ్చింది. పేపర్లలో రాశారు కూడా. అప్పటి నుంచి ఆమెను చూస్తే మర్యాద ఎక్కువ చేస్తాడు, కుర్చీ మాత్రం చూపించడు. ఇవాళ కూడా చూపించలేదు. ఆమె నిలబడే మొదలుపెట్టింది.

రసజ్ఞ అమ్మకానికి పెట్టే ఫోటోలన్నీ తాను చూశానని, ప్రతి కుకీ మీదా ఫోర్కుతో నొక్కిన తిన్నటి గీతలే ఉంటాయని చెప్పింది. చచ్చిపోయినవాడు తిన్నవాటి మీద పువ్వు అచ్చుంది. రసజ్ఞ గుడ్డులో తెల్లసొన వేస్తుంది, అందుకే అవి గట్టిగా ఉంటాయి. ఇవేమో పొడిపొడిగా రాలిపోయాయి, అంటే గుడ్డు పడలేదు. అన్నిటికంటే పెద్దది, ల్యాబువాళ్ళు చెప్పినదాంట్లో ప్రోటీన్ పౌడరు లేదు. దాని బదులు పుట్నాల పొడి ఉంది. జిమ్ముకు వెళ్ళేవాళ్ళు పుట్నాల పొడి బిస్కెట్లు కొంటారా అని అడిగింది.

లింగమూర్తి మొత్తం విన్నాడు. వినడంలో లోటు చేయడు, అది ఒప్పుకోవాలి.

"చంపుదామని చేసేటిది అమ్మనీకి చేసినట్టు ఎందుకు చేస్తది మేడం? ఇంట్ల ఏదుంటే అది కలిపింది. బిస్కెట్ మీద పువ్వు జూసి ఖూనీ కేసు కొట్టేయమంటరా?"

"చంపుదామని చేసేవాళ్ళు తమ పేరున్న డబ్బాలో పెట్టి పంపరు."

"కోపం వచ్చినోళ్ళకు తెలివుండదు. ఆ పేరు జూసే కద ఆయన నమ్మి తిన్నడు."

ఆ మాటలో నిజముంది.  ఉదయ్ భాస్కర్ ప్రతిదీ అడిగి తినే మనిషి. అడగకుండా తిన్నాడంటే ఆ పేరే కారణం. ఇంతవరకూ ఇన్‌స్పెక్టరూ ఆమే ఒకే దారిలో ఉన్నారు. ఆ పేరున్న డబ్బాను నింపిన చేయి ఎవరిదన్న దగ్గరే దారులు వేరవుతున్నాయి.

అతను టీ గ్లాసు పక్కన పెట్టి తన సంగతి దాచుకోకుండా చెప్పాడు. డబ్బా రసజ్ఞ చేతి నుంచి ఉదయ్ భాస్కర్ చేతికి వెళ్ళిందని చూసిన మనిషి ఒక్కరు కావాలి. ఆ గల్లీలో కెమెరాలు పనిచేయడం లేదు. గురువారం పొద్దున ఉదయ్ భాస్కర్ తల్లికి మందులివ్వడానికి నిజాంపేట వెళ్ళి, అట్నుంచే ఆఫీసుకు వెళ్ళాడు. కాబట్టి చూసి ఉంటే తల్లే చూసి ఉండాలి. పదకొండో రోజుకి ఫ్రేము కట్టించాల్సిన కొడుకు ఫోటో కోసం ఆవిడ ఇవాళ నిజాంపేట ఇంటికి వస్తోందట. వెళ్ళి వాంగ్మూలం రాయించుకుంటానన్నాడు.

"ఆవిడ చూశానని ఇంతకుముందు చెప్పిందా?"

"ఎవరడిగిన్రు ఆమెను? పిల్లగాడు పోయిన దుఃఖంల ఉంది. గదే ఇల్లు, గవే మెట్లు. చూడకుండ ఉంటదా?"

"ఆ ఇల్లు సోదా చేశారా?"

"మీదున్న గది జేసినం. తల్లి ఇంట్ల ఏం జేస్తం మేడం? జర మనుషుల లెక్క ఆలోచించుండ్రి."

కిరణ్మయి బయటికి వచ్చేసింది. వద్దని రసజ్ఞ బతిమాలిన గుమ్మానికి ఇప్పుడు ఇన్‌స్పెక్టరు కంటే ముందు చేరాలి. ఆటోవాడికి రెండింతలు ఇస్తానని చెప్పింది.

నిజాంపేటలో హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న ఇల్లు అది, మీద ఒక్క గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సోఫాలో బాలాత్రిపురసుందరి ఒళ్ళో ఆల్బమ్ పెట్టుకుని కూర్చుంది. కాకినాడ మనిషి, ట్రెజరీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైంది. ఆవిడ సంతకం కోసం పెద్ద ఆఫీసర్లే పడిగాపులు పడేవాళ్ళని రసజ్ఞ అన్న చెప్పాడు. ఇప్పుడు ఆ ముఖంలో ఏమీ లేదు. ఆల్బమ్ పేజీ తిప్పడం లేదు, చూడటం కూడా లేదు. తనలాంటి మనిషే ఇంకొకరు ఎదురైనట్టు అనిపించి కిరణ్మయి గుమ్మంలోనే కాసేపు ఆగింది.

అబద్ధం చెప్పి లోపలికి వెళ్ళడం ఆమెకు చేతకానిది కాదు. ఇక్కడ మనసొప్పలేదు. రసజ్ఞ తరఫున వచ్చానని చెప్పేసింది.

"దాని తరఫున మాట్లాడటానికి నా గుమ్మమెక్కావా అమ్మా," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, కోపానికి కూడా ఓపిక కావాలి. "కూతురిలా చూసుకున్నాను. ఉద్యోగం పోయిందని అది అన్నం మానేస్తే నేను కలిపి పెట్టాను. వాడితో పోట్లాడాను దానికోసం. నాలుగు రోజులు నాతో మాట్లాడకుండా ఉన్నాడు వాడు. వాణ్ణే చంపుకుంది."

 ఆ తర్వాత ఆవిడే, ఎండలో వచ్చినట్టున్నావు, ఇంట్లో మైల కదా, నేనేమీ ఇవ్వకూడదు, నీళ్ళు కావాలంటే వంటింట్లోకి వెళ్ళి నువ్వే పట్టుకో అంది. కొడుకును చంపిన పిల్ల తరఫున వచ్చిన మనిషికి కూడా దాహం వేస్తుందని ఆవిడకు తోచింది.

వంటింటి తలుపు తోయగానే కిరణ్మయికి తెలిసిపోయింది.

గురువారం పొద్దున ఎలా వదిలేసి వెళ్ళారో ఆ గది అలాగే ఉంది. కబురు రాగానే ఆస్పత్రికి, అట్నుంచి నానక్‌రామ్‌గూడకు పరుగెత్తిన మనిషి, మైలలో మళ్ళీ పొయ్యి ముట్టుకోలేదు. గట్టు మీద చిన్న ఓవెన్, దాని ముందు ట్రే. ట్రేలో మిగిలిన బిస్కెట్లకు చీమలు పట్టాయి. మిక్సీ జారులో పల్లీ ముద్ద అంచుల వెంట ఎండిపోయింది. పుట్నాల పొట్లం, చాక్లెట్ బిళ్ళ కాగితం, తరిగిన బెల్లం. వాటి పక్కన పప్పుగుత్తి పడి ఉంది. దాని గుండ్రటి అడుగు మీద అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు. గాట్ల నిండా చాక్లెట్ పిండి గట్టిపడి ఉంది. ఈ ఇంట్లో ఫోర్కు ఎక్కడుంటుంది? నొక్కమని ఆ పిల్ల నేర్పితే, చేతికి అందినదాంతో ఈవిడ నొక్కింది. గుడ్డు ముట్టని మనిషి కాబట్టి గుడ్డు మానేసింది. ప్రోటీన్ అంటే పుట్నాలేగా అనుకుంది. కొడుకు తినేవి కావు కాబట్టి పల్లీలకు అడ్డేముంది, ఇవి రసజ్ఞకు.

రసజ్ఞకే. ఆ పిల్ల ఎప్పుడో ఏదో పెట్టి ఇచ్చిన డబ్బా ఈ ఇంట్లో ఉండిపోయి ఉంటుంది. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపే ఆడది ఈ దేశంలో ఎక్కడుంది? ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేస్తారు. కిరణ్మయి ఇంట్లోనే, వాళ్ళమ్మ పోయినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు అన్నాలు పంపిన గిన్నెలు నాలుగు, ఏం పెట్టి ఇవ్వాలో తోచక ఇంకా అలాగే బోర్లించి ఉన్నాయి. ఈవిడ అలా ఊరుకునే మనిషి కాదు. ఉద్యోగం పోయిన పిల్లకి కాస్త ఉత్సాహంగా ఉంటుందని, అది నేర్పిన వంటే చేసి, దాని డబ్బాలోనే పెట్టి బల్ల మీద ఉంచింది. కొడుకు వచ్చాడు, మూత మీది పేరు చూశాడు, తనకోసం పంపిందనుకుని సంచీలో వేసుకున్నాడు.

చంపినవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి రసజ్ఞకు ఫోటోలో గుత్తి అచ్చు చూడగానే అర్థమైంది. అందుకే ఎన్నేళ్ళని అడిగింది.

గ్లాసులో నీళ్ళు పట్టుకుని కిరణ్మయి అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడు ఏడుపు రావాలి, రాలేదు. బయటికెళ్ళి ఈవిడకు ఏమీ చెప్పకుండా జారుకుని, లింగమూర్తిని పక్కకు పిలిచి చూపిస్తే చాలు. ఆ పిల్ల బయటికొస్తుంది. తర్వాత ఈవిడకు ఎవరో ఒకరు చెబుతారు, ఎప్పుడో ఒకప్పుడు. ఆ ఎవరో తాను కాకుంటే బాగుండునని ఆమె కోరుకుంది. నిజంగానే కోరుకుంది. ఇన్ని నెలల్లో ఆమె కోరుకున్నది ఇదొక్కటే.

హాల్లో బూట్ల చప్పుడైంది. లింగమూర్తి గొంతు వినిపించింది, స్టేషన్‌లో గొంతు కాదు, మెత్తగా ఉంది.

"అమ్మా, భోజనాలైనంక ఆ పిల్లను కోర్టుకు తీస్కపోవాలె, జర యాద్ జేసుకోండ్రి. ఆ దినం పొద్దున మీ కొడుకుకి ఆ పిల్ల బిస్కెట్లు ఇస్తుంటే మీరు చూసిన్రా?"

ఆల్బమ్ మూసిన చప్పుడైంది. తర్వాత బాలాత్రిపురసుందరి, "చూశాననే రాసుకోండి," అంది.

కిరణ్మయి వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి లింగమూర్తి మోకాలి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. ఆమెను చూసి కనుబొమ్మలు ముడిచాడు గానీ కలం ఆపలేదు. ఆమె అతన్ని ఒక్క నిమిషం బయటికి రమ్మంది. రానన్నాడు. ఈ కాగితం మీద సంతకం అయ్యాక ఎంతసేపైనా మాట్లాడుకుందామన్నాడు. చూడని దాన్ని చూశానని రాయించడం తప్పని ఆమె అంటే, తల్లి నోటి మాటను తప్పనడానికి మీరెవరని అడిగాడు. ఇద్దరూ గొంతులు పెంచలేదు. సోఫాలో ఉన్న మనిషి కోసం ఇద్దరూ తగ్గించుకునే మాట్లాడారు. రాయడం అయిపోయింది. కాగితం, కలం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కలం మూత తీసింది. ఆ సంతకంతో అక్కడ రసజ్ఞ జీవితం ముగిసిపోతుంది. ఆపితే ఇక్కడ ఈవిడకు ఏమవుతుందో కిరణ్మయికి తెలుసు. తెలిసే నోరు తెరిచింది.

"అమ్మా, చదవకుండా సంతకం పెడతారా మీరు?"

ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆ మాటకు లేచి కూర్చుంది. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, ఆఫీసులో గుమాస్తా ముందు చదివినట్టు, పెదవులు కదుపుతూ పైకే చదవడం మొదలుపెట్టింది. తన పేరు, వయసు, ఇంటి నంబరు. గురువారం పొద్దున తన ఇంటి మెట్ల దగ్గర, మూత మీద రసజ్ఞ అని పేరు గల స్టీలు డబ్బాను...

ఆవిడ ఆగింది.

"స్టీలు డబ్బానా? అట్టపెట్టె కాదూ?"

"డబ్బానే అమ్మా. ఆఫీసుల దొరికింది. మీరు దుఃఖంల ఉన్నరని నిన్న జెప్పలే మీకు."

"అది నా దగ్గర కదా ఉంది," అంది బాలాత్రిపురసుందరి. "గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చిందది. ఖాళీగా ఎలా ఇస్తానూ అని, గురువారం పొద్దునే దాంట్లో..."

లింగమూర్తి ఏదో అనబోయాడు. కిరణ్మయి చెయ్యెత్తింది, అతను ఆగిపోయాడు. ఆవిడ తల తిప్పి వంటింటి వైపు చూసింది.  స్నానం చేసి దేవుడి దగ్గర కూర్చున్నాక ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. వాడు వచ్చి, అమ్మా అని పిలిచి, తాను చెయ్యెత్తి చూపిస్తే మందులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లేచి వచ్చేసరికి డబ్బా లేదు. రసజ్ఞ దిగొచ్చి తన డబ్బా తాను తీసుకుపోయిందనుకుంది. ఇవన్నీ ఆవిడ ఒక్కొక్కటే, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"వాడు ప్రతిదీ అడిగి తినేవాడు. అడుగుదామంటే నేను జపంలో ఉన్నాను."

ఆ బిస్కెట్ల ఫోటో ఉందా అని అడిగింది. కిరణ్మయి ఫోన్ ఇచ్చింది. ఆవిడ చూసి, తిరిగి ఇచ్చేసింది. లింగమూర్తి లేచి వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పిల్లకి తెలుసా?" అంది ఆవిడ.

అబద్ధం చెప్పొచ్చు. కిరణ్మయి చెప్పలేదు.

"ఈ ఫోటో చూశాక తెలిసింది. తనే చేశానని ఒప్పుకుంటానంటోంది. మీ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దని నన్ను బతిమాలింది."

ఆవిడ ముఖం అప్పుడు కదిలింది. నిన్న ఆ పిల్లను అందరిలో తాను ఏమేం తిట్టిందో గుర్తొచ్చినట్టుంది. చేత్తో నోరు నొక్కుకుంది. ఒళ్ళోని ఆల్బమ్ జారి కింద పడింది, ఎవరూ తీయలేదు. కిరణ్మయి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.   ఇన్నాళ్ళూ రాని దుఃఖం, ఇప్పుడు, పరాయి ఇంట్లో వస్తోంది.

బాలాత్రిపురసుందరి కాగితం మీద మూల నుంచి మూలకు ఒక గీత గీసి లింగమూర్తికి ఇచ్చేసింది.

"ఇంకో కాగితం తీయండి."

"అమ్మా, ఇప్పుడొద్దు. మీరు జర..."

"తీయండి నాయనా. ఆ పిల్లను భోజనాలవగానే తీసుకెళ్తారని ఇందాక మీరే అన్నారు."

అతను కూర్చున్నాడు. అట్ట మీద కొత్త కాగితం పెట్టుకున్నాడు. ఆవిడ నిటారుగా కూర్చుని, తొందరపడకుండా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"నా పేరు బాలాత్రిపురసుందరి. నా కొడుకు ఉదయ్ భాస్కర్ తిన్న బిస్కెట్లు నేను చేసినవి. రాశారా?"